రూపాయి ఖర్చు కాలేదని రాశాను, అది నిజం కాదు

ప్రశ్న: అక్కా, నాకు 36 ఏళ్లు. నరసరావుపేట దగ్గర పల్లెలో ఎరువుల షాపు నడుపుతున్నాను. ఆరు నెలల కిందట నాన్నకు గుండెపోటు వస్తే గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కార్డు మీద, రక్తనాళం మూసుకుపోకుండా ఉంచే స్టెంటు వేశారు. ఆ రోజు నుంచి ఫేస్‌బుక్‌లో ఎవరైనా మా పార్టీని, ఈ పథకాన్ని కలిపి ఏమన్నా అంటే ఊరుకోలేకపోతున్నాను. షాపు మూసి వచ్చాక రాత్రి పన్నెండు, ఒంటిగంట దాకా ముక్కూమొహం తెలియని వాళ్లతో వాదిస్తాను. "మా నాన్నకు రూపాయి ఖర్చు కాలేదు" అని పోస్టు పెడితే వందలమంది షేర్ చేశారు. నిజానికి మంచి స్టెంటు వేస్తామని 45 వేలు నగదు తీసుకున్నారు. అది రాస్తే అవతలి పార్టీ వాళ్లకు దొరికిపోతామని రాయలేదు. పోయిన వారం ఒకావిడ ఆ పోస్టు కింద, వాళ్ల అమ్మ తుంటి ఎముక విరిగితే ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదంటూ ఆసుపత్రి వాళ్లు కార్డు మీద చేర్చుకోలేదని రాసింది. నేను ఆమెను "పెయిడ్ బ్యాచ్" అన్నాను. నా వెనక ఇంకో ఇరవై మంది అదే అన్నారు. ఆమె మళ్లీ మాట్లాడలేదు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. నా భార్య ఫోన్ పారేయమంటోంది. పూర్తిగా మానేయాలా? మానేస్తే అబద్ధాలు చెప్పేవాళ్లదే రాజ్యం అవుతుంది కదా? నాన్న బాగానే ఉన్నారు, మాత్రలు ఖరీదని రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. నన్ను మీ తమ్ముడనుకుని చెప్పండి.

సమాధానం:

తమ్ముడూ, నీ ప్రశ్న సంగతి తర్వాత చూద్దాం. ఉత్తరం చివర్లో మాటవరసకు రాసినట్టు ఒక వాక్యం రాశావు చూడు, నాన్న మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నారని. 31 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రి వార్డుల్లో పనిచేసినదాన్ని. అది చదివి నాకు గుండె ఆగినంత పనైంది.

స్టెంటు వేశాక మామూలుగా రక్తం పలచగా ఉంచే మాత్రలు రెండు రకాలు ఇస్తారు. ఒకటి ఆస్పిరిన్, రెండోది క్లోపిడోగ్రెల్ లాంటిది. గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్న వాళ్లను సాధారణంగా ఏడాది పాటు ఆ రెండూ రోజూ వేసుకోమంటారు. మధ్యలో మానేస్తే స్టెంటు లోపలే రక్తం గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. ఇది నేను కళ్లారా చూశాను. కాబట్టి ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు నాన్నగారి మందుల చీటీ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఇన్నాళ్లూ రోజు విడిచి రోజు వేసుకున్నారని దాచకుండా చెప్పు. తప్పిన వాటికి బదులు ఒకేసారి రెండు మాత్రలు వేయకు. ఇవే మందులు జన ఔషధి కేంద్రంలో తక్కువ ధరకు దొరుకుతాయా అని అడుగు. చాలావరకు దొరుకుతాయి.

ఇదెందుకు ముందు చెప్పానో ఇంకో కారణం కూడా ఉంది. ఆ పథకం కింద డిశ్చార్జి అయ్యాక పది రోజుల వరకు మందులు ఇస్తారు. పదకొండో రోజు నుంచి మందుల షాపుకు మనమే వెళ్లాలి. మన దేశంలో పేద ఇళ్లలో వైద్యానికి అయ్యే ఖర్చులో పెద్ద భాగం ఇలాంటి రోజువారీ మాత్రలదే. బీపీ, షుగరు, గుండె మాత్రలు నెలనెలా కొంచెం కొంచెంగా జేబు కోస్తాయి. మీరు రాత్రి ఒంటిగంట దాకా పోట్లాడుకునే పథకాలు దాదాపుగా ఆసుపత్రిలో మంచం ఎక్కాక పనికొచ్చేవి. ఇంటి దగ్గర మాత్రల గురించి ఏ పార్టీ మనిషీ నీతో పోట్లాడి ఉండడు. నువ్వూ ఎవరినీ అడిగి ఉండవు. కానీ మీ ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న అసలు కష్టం అదే.

ఇప్పుడు నీ పోస్టు దగ్గరికి వద్దాం.

"రూపాయి ఖర్చు కాలేదు" అని రాసినప్పుడు పార్టీ పరువు నిలబెట్టాననుకున్నావు. అసలు ఆ మాట ఎవరికి ఉపయోగపడిందో ఆలోచించు. 45 వేలు తీసుకున్న ఆసుపత్రికి ఉపయోగపడింది. కార్డు మీద చేసిన వైద్యానికి, ఒక్కో చికిత్సకు ఇంత అని ముందే అనుకున్న ప్యాకేజీ డబ్బు ఆసుపత్రికి పథకం నుంచే వస్తుంది. రోగి దగ్గర విడిగా తీసుకోకూడదు. డిశ్చార్జి రోజున వైద్యం ఉచితంగా అందింది, సంతృప్తిగా ఉన్నాం అని ఒక కాగితం మీద నాన్నగారితో సంతకమో వేలిముద్రో తీసుకునే ఉంటారు. ఆ కాగితంలో ఉన్న అబద్ధాన్నే నువ్వు మళ్లీ వందలమందికి చేర్చావు. అది చదివిన వాళ్లలో రేపు ఇంకొకరి నాన్నకు గుండెపోటు వస్తుంది. కౌంటర్ దగ్గర డబ్బు అడిగినప్పుడు అతను ఏమనుకుంటాడు? "ఆ నరసరావుపేట అబ్బాయికి ఉచితంగా చేశారు, మనకే ఏదో తేడా ఉన్నట్టుంది" అని తలవంచుకుని కట్టేస్తాడు. నువ్వు నిజం రాసి ఉంటే "ఇలా అడుగుతారు, అడగకూడదు" అని అతనికి ముందే తెలిసి ఉండేది.

"కార్డు మీద వచ్చేది మామూలు స్టెంటు, మంచిది కావాలంటే పైన కట్టాలి" అన్న మాట నేను చాలామంది నోట విన్నాను. ఐసీయూ తలుపు దగ్గర నిలబడ్డ కొడుకు "మామూలుదే వేయండి" అనగలడా? అందుకే అక్కడ అడుగుతారు. ఒకప్పుడు మన దేశంలో స్టెంట్లు లక్ష దాటి కూడా అమ్మారు. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ వాటికి గరిష్ఠ ధర పెట్టింది. అప్పుడు మందు పూత ఉన్న స్టెంటుకు 29,600 రూపాయలు, పూత లేని ఉత్త లోహపు దానికి 7,260. తర్వాత ఆ ధరలు మారుతూ వచ్చాయి. బిల్లులో స్టెంటు ధర, బ్రాండు పేరు, బ్యాచ్ నంబరు విడిగా చూపించాలని కూడా అప్పుడే చెప్పారు. అంటే నాన్నగారి గుండెలో ఏ కంపెనీ స్టెంటు ఉందో కాగితం మీద ఉండాలి. డబ్బా మీద స్టిక్కర్ తీసి, చికిత్స వివరాలు రాసే కేస్ షీట్‌కు అంటిస్తారు. కేస్ షీట్ కాపీ కావాలని రాతపూర్వకంగా అడుగు. రోగి గానీ అతని తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్య వృత్తి నియమావళి 2002 నుంచీ చెబుతోంది. అవి చేతిలోకి వస్తే పైన కట్టించుకున్న 45 వేలకు ఆసుపత్రి దగ్గర జవాబు ఉందో లేదో తేలిపోతుంది.

ఆ తర్వాత ఫిర్యాదు. 104కి ఫోన్ చేసి నమోదు చేయించవచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. నీ దగ్గర ఆ 45 వేలకు చిన్న చీటీ ముక్క ఉన్నా పారేయకు. ఫోన్‌పేలో కొంతైనా కట్టి ఉంటే ఆ స్క్రీన్‌షాట్ దాచు. అయితే ఇదంతా నాన్నగారిని అడిగాకే. ఆపరేషన్ జరిగింది ఆయన ఒంటికి, రేపు చెకప్‌కు వెళ్లాల్సింది కూడా ఆయనే. "మళ్లీ వాళ్ల దగ్గరికే పోవాలి, ఎందుకురా గొడవ" అంటే ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకు. చెకప్ ఇంకో చోట చేయించవచ్చని చెప్పు. రికార్డులు చేతిలో ఉంటే ఏ డాక్టరైనా చూస్తాడు. అప్పటికీ వద్దంటే ఫిర్యాదు ఆపు. పోస్టు సరిచేయడం మాత్రం ఆపకు. అందులో ఆసుపత్రి పేరు ఎటూ అవసరం లేదు.

ఇక ఆ తల్లీకూతుళ్ల విషయం. తమ్ముడూ, ఆమె చెప్పింది జరిగే పనే. బకాయిలు పేరుకుపోయాయని ప్రైవేటు ఆసుపత్రుల సంఘం కార్డు మీద సేవలు ఆపడం ఆంధ్రప్రదేశ్‌లో 2024లో జరిగింది, 2025లోనూ జరిగింది. ఆ మధ్యలో ప్రభుత్వం మారింది. తెలంగాణలో కూడా 2025లో ఇదే గొడవ నడిచింది. నువ్వు ఏ పార్టీ అని నాకు రాశావు, నేను ఇక్కడ వేయను. వేయాల్సిన అవసరం కూడా లేదు. ఎందుకంటే ఈ విషయంలో ఏ పార్టీ వాడూ రెండోవాణ్ని వేలెత్తి చూపించి చేతులు దులుపుకోలేడు.

ఈ పథకం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైంది. వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల దాకా. ఆ రోజుల్లో మా వార్డులో ఒక కూలీ మనిషి, బిడ్డకు గుండె ఆపరేషన్ అవుతుందని తెలిసి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ మేలు నేను ఎప్పటికీ కాదనను. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రలో అది ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024 తర్వాత మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. ఇన్నిసార్లు పేరు మార్చారు కాబట్టి మీరందరూ పేరు గురించే కొట్టుకుంటున్నారు. ఆసుపత్రికి డబ్బు ఎన్ని నెలలకు వస్తోంది, ప్యాకేజీ రేటు ఖర్చుకు సరిపోతోందా, సరిపోలేదని రోగి దగ్గర గుంజుతున్న ఆసుపత్రిని ఎవరు పట్టుకుంటున్నారు అన్న ప్రశ్నలు ఎవరి పేరు పెట్టినా అలాగే ఉన్నాయి. మీ నాన్న కట్టిన 45 వేలూ, ఆమె తల్లిని వెనక్కి పంపడమూ ఒకే చెట్టు కాయలు. బకాయిలు రానంత మాత్రాన రోగి దగ్గర తీసుకోవడం తప్పు కాకుండా పోదు, ఆ తప్పు ఆసుపత్రిదే. కానీ మీరిద్దరూ ఒకే బాధ పడ్డవాళ్లు. నువ్వు మాత్రం ఆమెను శత్రువనుకున్నావు.

నేను కూడా ఇలాంటి పని చేశాను కాబట్టి నీ నిద్రలేమి నాకు తెలుసు. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనాకు నాటుమందు ఇస్తున్నారని జనం వేలల్లో వెళ్లారు. మా కాలనీ గ్రూపులో ఒకాయన, నాకు పరిచయం లేని మనిషి, ఆ మందు ఎలా తెప్పించుకోవాలో అడిగాడు. అప్పుడు నేను రోజూ పీపీఈ కిట్‌లో డ్యూటీ చేసి వస్తున్నాను. ఒళ్లు మండి, చదువుకున్న మూర్ఖులంటూ పెద్ద మెసేజ్ పెట్టాను. చాలామంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయాడు. నెల తర్వాత తెలిసింది, ఆ రోజు ఆయన తమ్ముడికి ఆక్సిజన్ బెడ్ ఎక్కడా దొరకలేదట. బెడ్ దొరకని మనిషి ఏదో ఒకటి పట్టుకుందామని అడిగాడు. బెడ్ల సంగతి ఆ గ్రూపులో అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. "ఏమైంది, ఎవరికి బాగాలేదు" అని ఒక్క మాట అడిగి ఉంటే రెండు ఫోన్లు చేసి ఉండేదాన్ని. మందు గురించి నేను అన్నది తప్పు కాకపోవచ్చు. కానీ ఆ మనిషికి నేను చేసింది తప్పే. ఆయన దొరక్క ఇప్పటికీ క్షమాపణ చెప్పలేకపోయాను. నీకు ఆమె ఇంకా దొరుకుతుంది.

మానేయాలా అని అడిగావు. నా మాటగా చెబుతున్నాను, మానొద్దు. వైద్యం రాజకీయమే. ఎంత బడ్జెట్, ఎవరికి, ఏ ఆసుపత్రికి ముందు అన్నది ఓటుతో తేలే విషయం. దాని గురించి జనం మాట్లాడుకోకపోతే ఎలా? కానీ నువ్వు ఇప్పటివరకు పార్టీ తరఫు వకీలులా మాట్లాడావు, ఇకపై మీ నాన్న పక్కన ఐసీయూ బయట కూర్చున్న కొడుకులా మాట్లాడు. నువ్వు చూసింది మొత్తం చెప్పు, బాగున్నదీ బాగాలేనిదీ. అంబులెన్స్ ఎంతసేపట్లో వచ్చింది, ఆసుపత్రిలో పథకం తరఫున కూర్చునే ఆరోగ్య మిత్ర సాయం చేశాడా లేదా, ఎక్కడ డబ్బు అడిగారు. ఇవి ఏ పార్టీ ఆఫీసు నుంచీ రావు. నువ్వు చూడని దాని గురించి "ఎక్కడ, ఎప్పుడు జరిగింది?" అని అడగడం వరకే ఉండు.

అంకెలతో కూడా జాగ్రత్త. మీరు ఎక్కువగా మోసపోయేది అక్కడే. 2023 డిసెంబరులో తెలంగాణలో కుటుంబానికి ఏడాది పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలు చేశారు, అదే నెలలో ఆంధ్రలో 25 లక్షలు చేశారు. వెంటనే "మేము 25 లక్షలు ఇస్తున్నాం, మీరు పదే" అని పోస్టర్లు. అది పైకప్పు మాత్రమే. మీ నాన్న స్టెంటుకు రెండు లక్షల పైకప్పు ఉన్నా సరిపోయేది. పెద్ద పరిమితి క్యాన్సర్‌కీ, అవయవ మార్పిడికీ పనికొస్తుంది, అది మంచిదే. కానీ ఆసుపత్రి చేర్చుకోనప్పుడు పైకప్పు ఎంత ఎత్తు ఉంటే ఏం? కేంద్రం పథకం ఆయుష్మాన్ భారత్ మీదా ఇలాగే అయింది. 2023 ఆగస్టులో, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక వచ్చింది. ఒకే మొబైల్ నంబరు, పది అంకెలూ తొమ్మిదులే ఉన్నది, దాదాపు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారుల పేర్ల పక్కన ఉందని అందులో రాశారు. ఒక పక్షం దాన్ని ఏడున్నర లక్షల దొంగ రోగులు అని ప్రచారం చేసింది. లబ్ధిదారును గుర్తించడానికి మొబైల్ నంబరు అక్కర్లేదని ప్రభుత్వం జవాబిచ్చింది, రెండో పక్షం దాన్ని పట్టుకుని అసలు లోపమే లేదంది. నివేదిక రికార్డులు సరిగా లేవని ఎత్తిచూపింది. అది పెద్ద లోపమే. అలాగని ఆ నంబరు ఒక్కటే చూపించి అందరూ దొంగలనలేం. ఇంకోటి. దేశం మొత్తం వైద్య ఖర్చులో జనం తమ జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం అని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. ఒకరు తగ్గుదల చూపిస్తారు, ఇంకొకరు ఇంకా నలభై దగ్గరే ఉందంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అవతలివాడి అంకె నిజమైతే "అవును, అది నిజం" అనడం అలవాటు చేసుకో. మొదట్లో నోరు రాదు. నీ పక్షం వాళ్లే నిన్ను అమ్ముడుపోయావంటారు. నువ్వు ఆమెను అన్నట్టే.

రాత్రి భోజనం అయ్యాక ఫోన్ మీ ఆవిడ చేతికి ఇచ్చేయి. ఆమె అడిగింది న్యాయమే. జవాబు రాయాల్సినవి ఉంటే పొద్దున షాపులో రాయి.

ముందు పోస్టు మార్చు. పాతది తీసేయకు, తీసేస్తే షేర్ చేసినవాళ్లకు నిజం చేరదు. దాని పైనే రాయి: "ఇది పూర్తి నిజం కాదు. నాన్నకు కార్డు మీద స్టెంటు వేశారు, ప్రాణం నిలబడింది. కానీ 45 వేలు నగదు తీసుకున్నారు. పార్టీకి చెడ్డపేరు వస్తుందని దాచాను. దాచడం తప్పు. మిమ్మల్ని అడిగితే కట్టకుండా 104కి ఫోన్ చేయండి."

ఆమెకు క్షమాపణ ఇన్‌బాక్స్‌లో చెబితే చాలదు. నలుగురి ముందు అన్నావు, నలుగురి ముందే, ఆమె కామెంట్ కిందే చెప్పాలి. "అమ్మా, మీ మాట నిజమై ఉండవచ్చని తెలిసి కూడా మిమ్మల్ని పెయిడ్ బ్యాచ్ అన్నాను. నన్ను చూసి మిగతావాళ్లూ అన్నారు. తప్పు నాది, క్షమించండి. మీ అమ్మగారికి ఇప్పుడెలా ఉంది?" అని రాయి. "కానీ" అని మొదలయ్యే వాక్యం దాని పక్కన పెట్టకు. ఆమె తిట్టినా, అసలు పలకకపోయినా మళ్లీ మళ్లీ రాసి విసిగించకు.

పలికితే మాత్రం, వాళ్ల అమ్మగారికి ఆపరేషన్ అయిందో లేదో అడుగు. కాకపోతే, ప్రైవేటువాళ్లు ఆపినా ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో ఇదే కార్డు చెల్లుతుందని, తుంటి విరిగిన పెద్దవాళ్లను ఎక్కువ రోజులు అలా ఉంచకూడదని, ఆలస్యం చేయకుండా ఎముకల విభాగానికి తీసుకెళ్లమని చెప్పు. అప్పటిదాకా మంచం మీదే ఉంటే వీపూ మడమలూ రోజూ చూడాలి, ఎర్రగా కందితే పుండు మొదలవుతున్నట్టే. విరిగిన కాలు కదలకుండా ఎటు ఎంత ఒత్తిగిలించవచ్చో డాక్టర్‌ని అడిగి, రెండు గంటలకోసారి ఒత్తిడి మార్చాలి. దగ్గరలో ఊరి నర్సు, ఏఎన్ఎం ఉంటే ఎలాగో చేసి చూపించమని అడగమను.

— అక్క